తగ్గడం సరే... నిలిచేదెలా?

రాత్రిళ్లు అన్నం మానేసి రెండు పుల్కాలు. పొద్దున్నే గంట నడక. మూడు నెలల్లో ఆరు కిలోలు మాయం! చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ ఆరూ వడ్డీతో సహా తిరిగొచ్చాయి. ఎన్నో ఇళ్లలో జరిగేదే ఇది. 'నోరు కట్టుకోలేకపోయింది' అని అందరూ తేల్చేస్తారు. నిజానికి తప్పంతా నోటిదే కాదు.

ఒంటికి అది కరవే!

బరువు తగ్గితే మనకు సంతోషం. శరీరానికి మాత్రం అది కరవొచ్చినట్లే లెక్క. అందుకే ఖర్చు తగ్గించుకుని ఆకలిని పెంచుతుంది. అమెరికాలో 'ద బిగ్గెస్ట్ లూజర్' టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆ వివరాలు 2016లో వెలువడ్డాయి. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు ఆ తర్వాత 41 కిలోలు పెరిగారు. అంతేకాదు, విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల శరీరం ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో మరో సంగతి చెప్పారు. పది వారాలు కఠినంగా పథ్యం చేసి తగ్గినవారిలో, ఏడాది గడిచినా ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగానే ఉందట!

మరి నిలబెట్టుకున్నవాళ్లో?

వాళ్లూ ఉన్నారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా పెరగకుండా చూసుకున్నవారి వివరాలను అమెరికాలో 1994 నుంచి నమోదు చేస్తూ వచ్చారు. అలాంటివారు పదివేల మందికి పైనే. వాళ్లలో నూటికి 90 మంది రోజూ సగటున గంటసేపు వ్యాయామం చేస్తున్నారు. 75 మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటున్నారు. 78 మంది ఉదయం టిఫిన్ మానరు. అంటే, తగ్గాక కూడా వాళ్లు అలవాట్లను వదల్లేదన్నమాట.

కంచం మారాలి

మన భోజనంలో మధ్యలో అన్నం కొండంత, అంచున కూర గోరంత. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. ఓ గరిటె తగ్గించి కూర, పప్పు పెంచితే చాలు. పప్పులు, గుడ్లు, పెరుగులోని మాంసకృత్తులతో కడుపు నిండినట్లు ఉంటుంది, కండా కరిగిపోదు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకకు తోడు, రెండు రోజులు బరువులెత్తడంలాంటి కండరాల వ్యాయామమూ ఉండాలి. మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం వైద్యుణ్ని అడిగాకే తిండి తగ్గించాలి.

పదిహేను కిలోలు తగ్గితేనే లాభమనుకోనక్కర్లేదు. ఎనభై కిలోలున్నవారు నాలుగు తగ్గి అక్కడే నిలిచినా రక్తంలో చక్కెర, బీపీ అదుపులోకి వచ్చే అవకాశం ఉంది. కాబట్టి కొత్త డైట్ మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి... 'దీన్ని పదేళ్లు చేయగలనా?' చేయగలనని మనసు చెబితేనే మొదలుపెట్టండి!