కళ్ళల్లో చుక్కలు పొడిస్తే

మీకు తెలుసా?

• ఎవరినో చూసి మైమరచిపోయి, వాళ్ళలో ఏ లోపమూ కనబడనంతగా కలల్లో తేలేవాళ్ళను ఇంగ్లీషులో ‘స్టారీ-ఐడ్’ అంటారు. కళ్ళల్లో చుక్కలు మెరుస్తున్నాయని. (మనకు చుక్కలు కనిపించాయంటే ఎక్కడో గట్టిగా తగిలిందనే!)

• ఈ విశేషణంలో మెచ్చుకోలు కన్నా వెక్కిరింత పాలే ఎక్కువ. కొత్తగా ప్రేమలో పడ్డ జంటను అంటే ముద్దుగానే ఉంటుంది. అదే ఒక ప్రభుత్వ పథకానికి పత్రికలు తగిలించాయంటే, నేలమీద నిలవని ఊహ అని తీసిపారేసినట్టు. అమెరికా చదువులకు సిఫారసు లేఖలు రాసే మాస్టార్లు శిష్యుడి ఉత్సాహాన్ని పొగడబోయి ఈ మాట వాడకపోవడమే మేలు.

• ‘స్టార్‌స్ట్రక్’ పని వేరు: పేరుమోసిన మనిషి ఎదురుపడేసరికి నోట మాట రాకపోవడం. ‘మూన్‌స్ట్రక్’ పాతది, 17వ శతాబ్దిలోనే కవి మిల్టన్ వాడాడు. అక్కడ దానర్థం ప్రేమ మైకం కాదు, చంద్రుడి వల్ల పట్టే పిచ్చి.

• ఇలాంటి మైకం ఒక్కోసారి జనానికి మూకుమ్మడిగానూ పడుతుంది. 1812లో ‘చైల్డ్ హెరాల్డ్’ కావ్యం వచ్చాక లండన్‌లో గొప్పింటి ఆడవాళ్ళు దాన్ని రాసిన కవి బైరన్ కోసం వెర్రెత్తిపోయారు. ఆ వెర్రిని ‘బైరోమానియా’ అని ఎగతాళి చేసిన యువతి అనబెల్లా మిల్‌బ్యాంక్. 1815 జనవరిలో ఆమే ఆయన్ని పెళ్ళాడింది! ఏడాది తిరిగేసరికి పసిబిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ పసిబిడ్డే కంప్యూటర్ చరిత్రలో చెప్పుకునే ఏడా లవ్‌లేస్.

• పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ 1841 చివర్లో బెర్లిన్‌లో కచేరీలు మొదలుపెట్టాక జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయారు. ఆయన పారేసిన చుట్టపీకలు దాచుకున్నవాళ్ళున్నారు, తెగిన పియానో తీగలతో కంకణాలు చేయించుకున్నవాళ్ళున్నారు. దీనికి ‘లిస్టోమానియా’ అని పేరుపెట్టినవాడు కవి హైన్రిహ్ హైనే, 1844లో. ఆ రోజుల్లో మానియా అంటే నిజంగా వైద్యుల మాట. హైనే కూడా ఈ పూనకానికి కారణమేమిటని ఒక వైద్యుణ్ణి అడిగాడట. ఆయన అయస్కాంతత్వం, విద్యుత్తు, మైనపు వత్తులతో వేడెక్కిన హాలు, అత్తరు వాసనలు అంటూ చాలానే చెప్పాడు. చివరికి హైనే తేల్చింది ఇంకోటి: తన విజయాన్ని రంగం మీద ఏర్పాటు చేసుకోవడంలో లిస్ట్‌ను మించినవాడు లేడని. కవి కన్ను ఎంత గడుసుదో చూడండి!

• నూరేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో ఆ అనుమానమే నిజమైంది. 1942 డిసెంబరు 30న పారమౌంట్ థియేటర్‌లో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా వేదిక మీదికి రాగానే పొట్టి మేజోళ్ళ పడుచుపిల్లలు కేకలు పెట్టారు. ఆ ఊపు చూసిన ప్రచారకర్త జార్జ్ ఎవాన్స్ తర్వాతి ప్రదర్శనలకు కొందరు పిల్లల్ని ఎంచి, డబ్బిచ్చి, ఏ చరణం దగ్గర కేక వేయాలో, ఎక్కడ మూర్ఛపోవాలో తర్ఫీదు ఇప్పించాడు. మిగతా హాలంతా డబ్బు తీసుకోకుండానే అరిచింది. 1944 అక్టోబరు 12న అదే థియేటర్‌లో సినాట్రా ఆట ఒకటి అయిపోయినా లోపలివాళ్ళు కుర్చీలు వదల్లేదు. బయట వేలమంది టికెట్ల కిటికీ అద్దాలు పగలగొట్టారు.