మందు పొడికి కొలత: చెంచానా, తక్కెడా?



మన మాటల్లో మందు అనేది చాలా పనులు చేస్తుంది. జ్వరం వస్తే మింగేదీ మందే. పంటకు కొట్టేదీ మందే. తుపాకిలో దట్టించేదీ మందే. మూడింటికీ నియమం ఒక్కటే: కొలత తప్పకూడదు.

నోటి వైపు నుంచి దట్టించే పాత తుపాకులకు పొడిని చిన్న గొట్టంతో కొలిచేవారు. గొట్టం నిండితే ఒక దెబ్బకు సరిపడా మందన్నమాట. పొడి ఒకే రకంగా ఉన్నంత కాలం ఆ లెక్క నడిచింది. రకం మారితే, గొట్టం అదే అయినా బలం మారిపోతుంది. తుపాకి పగిలి చెయ్యి పోవచ్చు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారు చేయడం నేరం కూడా. కనుక ఆ పని మనకు వద్దు. కానీ అందులోని పాఠం మన తోటలకు బాగా పనికివస్తుంది.

కినత్తుకడవు వైపు టమాటా వేసేవారూ, తిరుమంగళం పక్క మల్లెతోట ఉన్నవారూ ట్యాంకు తరవాత ట్యాంకు మందు కలుపుతూ ఉంటారు. పొట్లం మీద లీటరుకు 2 గ్రాములని ఉంటుంది. మన చేతిలో ఉండేది చెంచా. గ్రాము అనేది బరువు. చెంచా కొలిచేది పరిమాణం. చిక్కంతా ఇక్కడే.

మీ వంటింట్లోనే చూడండి. 5 మిల్లీలీటర్ల చెంచాకు సమానంగా గీస్తే ఉప్పు సుమారు 6 గ్రాములు పడుతుంది, చక్కెర 4 గ్రాములు, గోధుమపిండి 3 గ్రాములకు లోపే. చెంచా ఒకటే, బరువులు మూడు. మందు పొడులూ అంతే. ఒక కంపెనీ పొడి మెత్తగా, తేలికగా ఉంటుంది. ఇంకొకటి బరువుగా ఉంటుంది. చెంచాను తట్టితే పొడి దిగి ఎక్కువ పడుతుంది. తేమ తగిలి ఉండకడితే లెక్క మళ్ళీ మారుతుంది. గోపురంగా తీస్తే చెప్పనే అక్కర్లేదు.

కొలత తప్పితే ఏమవుతుంది? ఎక్కువైతే ఆకు మాడుతుంది. ముఖ్యంగా నీటిలో కరిగే గంధకం పొడిని మంచి ఎండలో ఎక్కువగా కొడితే మల్లె ఆకు, మొగ్గ రెండూ చెడతాయి. పైగా ఆ పూలు కట్టే ఆడవాళ్ళ వేళ్ళకే మందు అంటుతుంది. తక్కువైతే బలహీనమైన పురుగు చస్తుంది, గట్టిది మిగిలి పిల్లలు పెడుతుంది. పోనుపోను ఆ మందుకు లొంగని పురుగే తోటంతా ఉంటుంది. అప్పుడు మందు మంచిది కాదంటాం. తప్పు మందుది కాదు, కొలతది.

మరి ఏ కొలత ఎంచుకోవాలి? మొదట తక్కెడ సంగతి. అంగట్లో దొరికే బ్యాటరీ తక్కెడల్లో చాలావాటికి కనిష్ఠ గీత 1 గ్రాము. 16 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 గ్రాముల చొప్పున 32 గ్రాములు కావాలి. అందులో ఒక గ్రాము అటూ ఇటూ అయితే 3 శాతం తేడా, ఫరవాలేదు. కానీ వేరుశనగ విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించాలంటే కిలోకు 4 గ్రాములు. అక్కడ ఒక గ్రాము తప్పితే 25 శాతం. అందుకు రెండు దారులున్నాయి: గ్రాములో పదోవంతు చూపే చిన్న తక్కెడ కొనండి, లేదా 10 కిలోల విత్తనానికి ఒకేసారి 40 గ్రాములు తూచి కలపండి.

తక్కెడ కొనేటప్పుడు ముద్ర ఉన్న 50 గ్రాముల రాయి ఒకటి చేత పట్టుకొని వెళ్ళండి. అదే రాయిని మూడుసార్లు పెట్టి తీసి చూడండి. మూడుసార్లూ ఒకే అంకె రావాలి, ఆ అంకె 50 కావాలి. ఇంటి దగ్గర సమతలంగా ఉన్న చోట, ఫ్యాను ఆపి తూచండి.

ప్రతి ట్యాంకుకూ పొలం గట్టున తక్కెడ పెట్టలేమంటారా? నిజమే. అక్కడ చెంచాకో మూతకో పని ఉంది. కానీ దాన్ని ముందు తక్కెడతో సరిచూడాలి. పొడిని తట్టకుండా తీసి, చదునైన పుల్లతో పైన గీయండి. అలా పది కొలతలు ఒక డబ్బాలో పోసి తూచండి. 80 గ్రాములు వస్తే ఒక్కొక్కటి 8 గ్రాములు, ట్యాంకుకు నాలుగు. పది ఎందుకంటే, ఒక్కటి తూస్తే చెయ్యి చేసే తప్పు దాగిపోతుంది. ఆ లెక్కను మందు పేరుతో కలిపి డబ్బా మీద రాసి పెట్టండి. కొత్త పొట్లం విప్పినా, కంపెనీ మారినా మళ్ళీ సరిచూడండి. ఇంకా సులువు దారి, ఇంటి దగ్గరే ట్యాంకుకొక పొట్లంగా తూచి, పేరు రాసి పెట్టుకోవడం. కాని అవి పిల్లలకు అందని చోట తాళంలో ఉండాలి, ఆ రోజు పనికి కావలసినన్నే కట్టాలి.

మరొక మాట. మందు కొలిచిన చెంచా మళ్ళీ వంటింటి గడప దాటకూడదు. దాని పిడికి ఎర్ర రంగు పూయండి. తక్కెడ కూడా మందుకు వేరే ఉండాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా పొట్లం విప్పవద్దు. గంధకం దుమ్ము దగ్గర బీడీ వెలిగించవద్దు. పొట్లం మీది త్రికోణం రంగు చూడండి: ఎరుపు అత్యంత విషం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా విషమే.

మన పెద్దలు గిద్ద, సోల, తవ్వ, మానిక అని ధాన్యం కొలిచారు. ఇక్కడికి వచ్చాక ఆళాక్కు, పడి నేర్చుకున్నారు. ధాన్యానికి ఆ కొలతలు చాలు, ఒక గుప్పెడు అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు. మందు దగ్గర అలా కుదరదు. సందేహం వస్తే కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారినో, మీ దగ్గరి వ్యవసాయ అధికారినో అడగండి. రేపు ట్యాంకు నింపే ముందు ఒక్కసారి మీ చెంచాను తూచి చూడండి.