పిల్లల గ్రంథాలయంలో ఏ ఆటలు పెట్టాలి?

జగ్గయ్యపేట (మా విలేఖరి): జగ్గయ్యపేట, నందిగామ వంటి పట్టణాల గ్రంథాలయాలకు దాత ఎవరైనా పాత కంప్యూటరు ఇస్తే, అందులో పిల్లలకు ఏమి పెట్టాలన్నదే అసలు సమస్య. ఊరికే దొరికిందల్లా మంచిది కాదు. మధ్యలో ప్రకటనలు వచ్చేవి, డబ్బు కట్టమనేవి, ఇంటర్నెట్ లేనిదే తెరుచుకోనివి పనికిరావు.

ఈ పరీక్షకు నిలిచేవాటిలో మొదటిది ‘టక్స్ పెయింట్’. 2002లో వచ్చిన ఈ బొమ్మలు గీసే ప్రోగ్రాం పాత యంత్రంపైనా నడుస్తుంది. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. మౌస్ పట్టడం రాని పిల్లవాడికి ఇంతకంటే మంచి బడి లేదు. రెండోది ‘జీకాంప్రీ’. ఫ్రెంచిలో ‘అర్థమైంది’ అనే మాటను తలపించే ఈ పేరుతో 2000లో బ్రూనో కుడవాన్ దీనిని ప్రారంభించారు. లెక్కలు, గడియారం చూడటం, చదరంగం సహా నూరుకు పైగా ఆటలున్నాయి. హైస్కూలు పిల్లలకైతే కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ సైన్సు ప్రయోగాలు మేలు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ అక్కరలేదు.

మొదటి రెండింటినీ నకలు తీసి ఎవరికైనా ఇవ్వవచ్చు. జగ్గయ్యపేటలో పెన్‌డ్రైవులోకి ఎక్కించి నందిగామకు బస్సులో పంపినా నేరం కాదు. ఒక్క కంప్యూటరు చుట్టూ పదిమంది మూగుతారు గనుక వంతులు వేయక తప్పదు. ఇంతకుమించి ఖర్చు లేని ఈ పనిని అధికారులు చేపట్టాలి. ప్రజలు ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు.