పచ్చి ముక్క... ఇంటికే ముప్పు!

మంత్రాలయం వెళ్లినవాళ్లు తుంగభద్రలో మునిగి, రాఘవేంద్రస్వామి బృందావనాన్ని దర్శించుకుని, పరిమళ ప్రసాదం పొట్లాలు సంచిలో వేసుకుని ఇంటిదారి పడతారు. ఈసారి వెళ్లినప్పుడు ఆదోని వైపు ఓ పది కిలోమీటర్లు వెళ్లి చూడండి. కనుచూపు మేర వాన కోసం ఎదురుచూసే చేలు. వాటి మధ్య గొర్రెల మంద. మంద వెనక భుజాన గొంగడితో కాపరి. ఆయన వెనకే నాలుక బయటపెట్టి రొప్పుతూ ఓ కుక్క. ఈ కథ ఆ కుక్క గురించే. ఇంకా చెప్పాలంటే, దాని నోటికి మనం అందించే తిండి గురించి!

మామూలు రోజుల్లో దానికి దక్కేది యజమాని తిన్నదే. ఓ జొన్నరొట్టె ముక్క, గుప్పెడు సంగటి, కాస్త గంజి. ఊళ్లో దేవర జరిగితే మాత్రం దానికీ పండగే. పొట్టేళ్లు కోసిన చోట పేగులు, ఊపిరితిత్తులు, పనికిరావని పక్కన పడేసిన ముక్కలు... అన్నీ పచ్చివే. అడవిలో కుందేలో పందిపిల్లో చిక్కిందంటే ఇక చెప్పేదేముంది? ‘పచ్చి మాంసం పడితేనే కుక్కకు పౌరుషం’ అన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినపడుతుంది.

నిజంగా పచ్చి మాంసంతో పౌరుషం వస్తుందా? లేక ఇంకేదైనా వస్తుందా?

పందికోన పేరు విన్నారా?

కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలో పందికోన అనే ఊరుంది. ఆ ఊరి పేరే అక్కడి కుక్కలకూ స్థిరపడిపోయింది. పొట్టి బొచ్చు, బిగువైన ఒళ్లు, ఎండకు తట్టుకునే శక్తి. కాపలాలోనూ వేటలోనూ వీటికి పెద్ద పేరు. పిల్లల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం ఆ ఊరికి వస్తుంటారు. తమిళనాట రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకలో ముధోల్ ఎలాగో, మన సీమకు పందికోన అలాగన్నమాట.

వేటకుక్క అన్నాక దానికి వేటలో వాటా ఉంటుంది. కొట్టిన జంతువును అక్కడికక్కడే కోసి, లోపలి భాగాలను కుక్కలకు వేయడం లోకమంతటా వేటగాళ్లు పాటించిన ఆనవాయితీ. పరిగెత్తి పట్టినదానికి కూలి ఇచ్చినట్టూ అవుతుంది, మరోసారికి ఉత్సాహం నూరిపోసినట్టూ అవుతుంది. కాలం కలిసొచ్చినన్నాళ్లూ ఆ లెక్క అలాగే నడిచింది.

ఆ లెక్కకు తెరపడింది!

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాంతో సరదా వేటకే కాదు, కూర కోసం చేసే వేటకూ తలుపులు మూసుకుపోయాయి. కర్నూలు పడమటి పల్లెల్లో చేలమీద గుంపులుగా తిరిగే కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. చట్టంలో దానికి అత్యున్నత రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో స్థానం. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకూ జైలు. 2022లో చేసిన సవరణ ప్రకారం కనీస జరిమానా 25 వేల రూపాయలు. ‘జింక కాదు కదా, కుందేలే కదా’ అనుకోవడానికీ లేదు. కుందేలు, అడవిపంది కూడా చట్టం నీడలోనే ఉన్నాయి. తుపాకీతో కొట్టినా, ఉచ్చు వేసి పట్టినా, కుక్కను ఉసిగొల్పినా చట్టం దృష్టిలో వేటే.

వేరుశనగ చేనును ఒక్క రాత్రిలో కుళ్లగించి పోయే పందుల మీద రైతుకు కడుపు మండటంలో తప్పులేదు. అయినా వాటిని చంపాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. పందుల కోసం పెట్టిన నాటుబాంబును కొరికి నోరు పగిలి చచ్చేది ఒక్కోసారి మన కుక్కే. తుపాకీతో కొట్టిన మాంసంలో సీసపు తునకలు ఉండిపోతే, అవి కుక్క కడుపులోకి చేరి విషమవుతాయి.

చట్టం సంగతి అలా ఉంచండి. అసలు ప్రమాదం అడవిలో కాదు, మన పెరట్లోనే ఉంది.

అది తోడేలు కాదు

పచ్చి తిండి మోజు పల్లెలకే పరిమితం కాదు. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో ఓ పుస్తకం రాశాడు. కుక్క తోడేలు సంతానమనీ, పచ్చి మాంసం, పచ్చి ఎముకలే దాని సహజాహారమనీ వాదించాడు. ఆ మాట చాలా దేశాలకు పాకింది. విదేశాల్లో వేటాడిన జింక మాంసాన్ని పచ్చిగానే కుక్కలకు పెట్టేవాళ్లూ ఉన్నారు. దాంతో బొచ్చు మెరుస్తుందనీ, పళ్లు తెల్లగా ఉంటాయనీ వాళ్ల నమ్మకం.

మరి శాస్త్రం ఏమంటోంది? స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో తోడేళ్ల, కుక్కల జన్యువులను పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండే ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి! అంటే వేల ఏళ్లపాటు మనిషి పక్కన బతికి, మనిషి పెట్టింది తిని, కుక్క కడుపు మన కడుపు దారిలోకి వచ్చిందన్నమాట. కాపరి వేసే సంగటి ముద్ద దానికి పరాయి తిండేం కాదు. అమెరికా పశువైద్యుల సంఘమైతే 2012లోనే కుక్కలకు, పిల్లులకు పచ్చి మాంసం పెట్టవద్దని తీర్మానించింది. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మక్రిములు కుక్కకే కాక, దాన్ని ముద్దు చేసే ఇంటివాళ్లకూ అంటుకుంటాయని దాని హెచ్చరిక.

మనం తినం... కుక్కకు వేస్తాం!

సీమకు సంబంధించి ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. పొట్టేలును కోసినప్పుడు కార్జం మీదో, ఊపిరితిత్తుల మీదో తెల్లగా నీటి బుడగల్లాంటివి ఎప్పుడైనా చూశారా? ‘ఇదేదో బాగాలేదు’ అని ఆ ముక్కను కోసి పక్కన పారేస్తాం. అక్కడే కాచుకుని కూర్చున్న కుక్క దాన్ని చటుక్కున నోట కరుచుకుపోతుంది. ముక్క వృథా కాలేదులే అనుకుంటాం.

సరిగ్గా అక్కడే కథ మొదలవుతుంది. ఆ బుడగ పేరు హైడాటిడ్ తిత్తి. అందులో ఉండేవి ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు. అవి కుక్క పేగుల్లో చేరి పెద్ద పురుగులవుతాయి. పెద్దవంటే ఎంతనుకున్నారు? అర సెంటీమీటరు అటూ ఇటూ! వేల సంఖ్యలో ఉన్నా కుక్క మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది. ఆరేడు వారాలు గడిచేసరికి దాని మలంలో గుడ్లు పడటం మొదలవుతుంది. ఆ గుడ్లు గడ్డి మీద పడితే మేసిన గొర్రెలోకి, కుక్క బొచ్చుకు అంటితే దాన్ని నిమిరిన పిల్లాడి చేతికి, అక్కణ్నుంచి నోటికి చేరతాయి. కడగని కూరగాయలు, కలుషితమైన నీళ్లూ దారులే.

మనిషి ఒంట్లోకి చేరిన గుడ్డు ఎక్కువగా కాలేయంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో తిత్తి కడుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. పదేళ్లప్పుడు కుక్కపిల్లతో ఆడుకున్న పిల్లకు పాతికేళ్లప్పుడు కడుపులో బరువుగా ఉందని స్కానింగ్ చేస్తే బయటపడవచ్చు. లోపలే పగిలితే ప్రాణాల మీదికి రావచ్చు. కొందరికి ఆల్బెండజోల్ మాత్రలతో తగ్గుతుంది, కొందరికి ఆపరేషన్ తప్పదు.

ఇది ఎక్కడో జరిగే వింత కాదు. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో మన రాష్ట్రం ఒకటి. ‘కర్నూలులో హైడాటిడ్ వ్యాధి వ్యాప్తి’ మీద ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో 1968లోనే ప్రత్యేకంగా ఓ పరిశోధన పత్రం వచ్చింది. గొర్రె, కుక్క, మనిషి ఒకే నీడన బతికే చోట ఈ పురుగుకు ఇంతకంటే మంచి ఇల్లు ఏముంటుంది? అడవిపంది, జింక లాంటి జంతువుల్లోనూ ఈ తిత్తులు ఉండవచ్చు. కాబట్టి వేటమాంసం శుభ్రమైనదన్న భరోసా ఏమీ లేదు. పంది మాంసంతో వేరే పురుగుల బెడదా ఉంది.

ఐస్‌లాండ్ గెలిచింది

మందు లేని కాలంలోనే ఈ జబ్బును తరిమేసిన దేశం ఒకటుంది. ఐస్‌లాండ్! మన సీమలాగే అదీ గొర్రెల నేల. 1860లలో హెరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి, కుక్కలనూ గొర్రెలనూ కోసి పరిశీలించి, జబ్బు తిరిగే దారిని విప్పి చెప్పాడు. ఆ సంగతిని చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇంటింటికీ పంచారు. అందులోని సారం ఒక్కటే... తిత్తులున్న భాగాలను కుక్కల నోటికి అందనివ్వకండి. చదవడం వచ్చిన ఆ జనం విన్నారు. తర్వాత చట్టాలూ వచ్చాయి. కొన్ని దశాబ్దాల్లో జబ్బు కనుమరుగైంది. న్యూజిలాండ్ కూడా దశాబ్దాలు పట్టుబట్టి 2002లో ఈ జబ్బు పోయినట్టు ప్రకటించుకుంది. మనకైతే ఇప్పుడు మందులూ ఉన్నాయి, స్కానింగులూ ఉన్నాయి. కావాల్సింది ఆ ఒక్క అలవాటే.

ఇలా చేస్తే సరి!

* కుక్కకు మాంసం పెట్టొచ్చు, కానీ ఉడికించి పెట్టాలి. కార్జం, ఊపిరితిత్తుల్లాంటివైతే కనీసం అరగంట మరగనివ్వాలి.

* ఉడికిన ఎముకలు మాత్రం వద్దు. అవి చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

* తిత్తులున్న భాగాలను తగలబెట్టాలి. లేదంటే కుక్క తవ్వలేనంత లోతున పాతిపెట్టాలి. దేవరప్పుడు ఊరంతటికీ ఒకే గొయ్యి తవ్వుకుంటే పని సులువు.

* సంగటి, అన్నం, పెరుగు, ఉడికిన గుడ్డు, కాస్త మాంసం... కుక్కకు ఇంట్లోనే మంచి భోజనం. ఉల్లి, వెల్లుల్లి దట్టించిన మసాలా కూర, బిర్యానీ పెట్టకూడదు. ఆ రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

* పశువైద్యుణ్ని అడిగి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయించాలి. మందు వేసిన రెండు రోజులూ కుక్కను కట్టేసి, మలాన్ని కాల్చాలి లేదా పాతిపెట్టాలి.

* రేబిస్ టీకా మానవద్దు. కుక్కను ముట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కంచం ముందు కూర్చోవాలి.

సంక్రాంతి వెళ్లగానే అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి పారువేటకు బయల్దేరతాడు. ఊరూరా తిరుగుతాడు, పూజలందుకుంటాడు, కొండకు తిరిగొస్తాడు. సీమలో వేట అనే మాటకు ఇంకా మిగిలిన గౌరవం అదే. మంద వెనక నడిచే కుక్కకు వేటమాంసం అక్కర్లేదు. పగలంతా ఎండలో నడిచింది, రాత్రంతా మంద చుట్టూ కాపలా కాసింది. దానికి ఉడికించిన ముద్ద పెట్టండి. అది దాని కూలి. ఆ ముద్ద ఉడికిస్తే మన పిల్లలకూ కాపలా కాసినట్టే!