కంప్యూటరు తాళపు మాట మఱచినపుడు చేయవలసిన పని



సంఘపు ఇనుప పెట్టె తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెను, ఆయన ఊర లేనపుడు దానిని ఎవరికి ఒప్పగింపవలెను అను విషయమును మన పెద్దలు తీర్మానము వ్రాసి నిర్ణయించుచుండిరి. ఆ జాగ్రత్త వలననే ఒకరు జబ్బుపడినను, మఱియొకరు బదిలీయైనను పెట్టె తెఱవబడుచునే యుండెను. నేడు మన లెక్కలలో పెక్కుభాగము ఇనుప పెట్టెను విడిచి కంప్యూటరులోనికి చేరినది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములకు కంప్యూటరు లెక్కల నేర్పాటు చేయుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. ఈ క్రొత్త పెట్టె తాళపుచెవి ఇనుముతో చేసినది కాదు. అది ఒక మాట. దానినే పాస్‌వర్డు అందురు. తఱచుగా ఆ మాట ఒక్క గుమాస్తా జ్ఞాపకమందు మాత్రమే యుండును. ఆయన మఱచెనేని సంఘమంతయు గుమ్మము బయట నిలిచిపోవును.

ఉక్కునగరము చుట్టుపట్ల నున్న రైతులకు కాగితపు విలువ నెఱిగింప నక్కఱలేదు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము కొఱకు భూములిచ్చిన కుటుంబములు 'ఆర్' కార్డు అను చిన్న కాగితమును ఎంత భద్రముగా దాచుకొనినవో మన మెఱుగుదుము. వ్రాత యున్నంతవఱకే హక్కు నిలుచును. ఆ వ్రాత నేడు కంప్యూటరులో నుండుట చేతనే, దాని తాళమును గూర్చి వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరులమైన మేము వ్రాయ సాహసించుచున్నాము.

మేము కన్నులార చూచిన సంగతి

కొన్ని యేండ్ల క్రిందట, లెక్కలింకను ఒక్కొక్క సంఘపు యంత్రమునందే యుండిన కాలమున, ఒక సంఘమున గుమాస్తా శనివారము సాయంకాలము పాస్‌వర్డు మార్చి, సోమవారము ఉదయమునకు దానిని మఱచెను. అవి పంట ఋణములు తీర్చు దినములు. మూడు లక్షల రూపాయల లోపు పంట ఋణమును గడువులోపల తీర్చిన రైతునకు వడ్డీలో నూటికి 3 రూపాయల తగ్గింపు కలదు గదా. లక్ష రూపాయల అప్పునకు అది ఏటికి 3,000 రూపాయలు. గడువు దాటునను భయముతో రైతులు వాకిట గుమిగూడిరి.

పట్టణమునుండి ఒక మరమ్మతు పనివాడు వచ్చి, గంటలో తెఱచెదననెను. అప్పు డక్కడనున్న మేమును "కానిమ్ము" అంటిమి. ఆతడు మాట తప్పలేదు, కంప్యూటరు తెఱవబడినది. కాని లోపల నేమియు లేదు. ఆతడు తాళము తీయలేదు. పెట్టెలోని దంతయు ఊడ్చివేసి క్రొత్త పెట్టెగా చేసెను. వేఱుచోట నకలు లేదు. కాగితపు చిట్టాలను బట్టి జాబితాను మరల వ్రాయుటకు మూడు వారములు పట్టెను. ఒక వృద్ధురాలు తీర్చిన బాకీ ఏ చిట్టాలోను కానరాలేదు. ఆమె తన ట్రంకుపెట్టెలో దాచిన రసీదు తెచ్చి చూపినందున ఆమె న్యాయము నిలిచెను. రసీదు లేకున్న నేమయ్యెడిదో తలచుకొనిన నేటికిని మాకు సిగ్గు కలుగును. ఆ తప్పులో మాకును పాలు గలదు. ఆ వ్యాసంగముననే మేము ఈ విషయమును నేర్చుకొంటిమి.

యంత్రము మాటను ఏల చెప్పదు?

"కంప్యూటరులోనే గదా మాట యున్నది, దానినే అడుగరాదా?" అని పలువురు ప్రశ్నింతురు. 1960వ దశకారంభమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున కార్బటో అను శాస్త్రజ్ఞుడు, ఒకే యంత్రమును పలువురు వాడునపుడు ఒకరి కాగితములను మఱియొకరు చూడకుండుటకై ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. తొలుత ఆ మాటలను ఉన్నవి యున్నట్లే యంత్రమున వ్రాసి యుంచిరి. అవి దొంగల కంటబడెను. తరువాత వచ్చిన యంత్రములు మాటను దాచవు. దాని గుఱుతును మాత్రమే దాచును.

అనకాపల్లి బెల్లపు దిమ్మను తలచుకొనుడు. చెఱకును గానుగాడి, రసము కాచి దిమ్మ కట్టిన పిమ్మట, ఆ దిమ్మను మరల చెఱకు గడగా చేయగలవా రెవ్వరును లేరు. యంత్రము చేయునది యిట్టిదే. మీరు కొట్టిన మాటను అది లెక్కల గానుగలో నాడించి ఒక దిమ్మ కట్టును; మునుపు దాచిన దిమ్మతో పోల్చును; రెండును ఒక్కటే యైన తలుపు తీయును. యంత్రము చేసిన సంస్థకును మీ పాత మాట తెలియదు. కావున పోయిన మాటను ఎవ్వరును తిరిగి తెచ్చి యియ్యలేరు. మీ హక్కును ఋజువు చేసి క్రొత్త మాట పెట్టుకొనుట యొక్కటే మార్గము. ఈ సంగతి గ్రహించినచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

వరుసగా చేయవలసినవి

మొదట, తొందర పడరాదు. మాట సరియైనదే యై, మీటలు తప్పియుండవచ్చును. పెద్ద యక్షరముల మీట, అనగా 'క్యాప్స్ లాక్', పడి యున్నదా? అంకెల మీట ఆరియున్నదా? క్రింద కుడిమూల భాష ఇంగ్లీషునకు మాఱుగా తెలుగునందు నిలిచినదా? మాట కొట్టు గడి ప్రక్కన కన్ను బొమ్మ యున్నచో, దానిని నొక్కి కొట్టినదానిని చూచుకొనుడు. అదే పనిగా తప్పు మాటలు కొట్టరాదు. అట్లు చేసిన యంత్రము కొంతసేపు ఎవ్వరిని రానియ్యక మొండికెత్తును.

రెండవది, మూసికొనిన తాళ మేదియో తెలిసికొనవలెను. కంప్యూటరు తాళము వేఱు, లోపలి సంఘపు లెక్కల సాఫ్టువేరు తాళము వేఱు. లెక్కల తాళమైనచో, దానిని మార్చు అధికారము గల పైయధికారికి వ్రాసికొనవలెను, యంత్రమును ముట్టనక్కఱలేదు. నూతన పథకము ప్రకారము లెక్కలు దూరపు యంత్రములలో నిలువయుండును గనుక, సంఘపు కంప్యూటరు తెఱచుకొనకున్నను అవి నశింపవు. కాని ఉత్తరములు, జాబితాలు, స్కాను చేసిన దస్తావేజులు మీ యంత్రమందే యుండవచ్చును. అసలు భయము వానిని గూర్చియే.

మూడవది, విండోసు కంప్యూటరులో ఖాతాలు రెండు విధములు. మైక్రోసాఫ్టు ఖాతా యైనచో దానికి ఈమెయిలు జతపడి యుండును. ఏ సెల్లుఫోనునుండి యైనను మైక్రోసాఫ్టు వారి ఖాతా పుటను తెఱచి, మాట మఱచితినని తెలుపవచ్చును. ముందుగా నమోదు చేసిన ఫోనునకు గాని ఈమెయిలునకు గాని ఒక సంకేతము వచ్చును. దానిని చూపి క్రొత్త మాట పెట్టుకొని, కంప్యూటరునకు ఇంటర్నెట్టు కలిపి, ఆ మాటతో లోనికి పోవచ్చును. మఱచినది పిన్ అను చిన్న సంఖ్య యైనచో చింతలేదు. అది ఆ యొక్క యంత్రమునకే చెందినది. 'సైన్-ఇన్ ఆప్షన్స్' నొక్కి, దానికి మాఱుగా పాస్‌వర్డుతోనే ప్రవేశింపవచ్చును.

నాలుగవది, ఈమెయిలు జతలేని స్థానిక ఖాతా. 2018 నుండి వచ్చిన విండోసులో ఇట్టి ఖాతా కల్పించునపుడు మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయించుకొందురు. తప్పు మాట కొట్టిన పిమ్మట 'రీసెట్ పాస్‌వర్డ్' అను పంక్తి కనబడును. అది నొక్కి ఆ మూడు జవాబులు సరిగా చెప్పినచో క్రొత్త మాట పెట్టుకొనవచ్చును. మునుపే పెన్‌డ్రైవులో రీసెట్ డిస్కు చేసికొనియున్నచో అదియు పనికివచ్చును. కాని మఱచిన తరువాత చేయుటకు వీలులేదు.

ఐదవది, అదే యంత్రమున సర్వాధికారము గల రెండవ ఖాతా, అనగా అడ్మినిస్ట్రేటరు ఖాతా, ఉన్నచో దానితో ప్రవేశించి మొదటి స్థానిక ఖాతా మాటను మార్పవచ్చును. అయితే మొదటి ఖాతాదారు తన కాగితములను విండోసు రహస్యలిపిలో దాచియున్నచో, ఇట్లు మార్చిన పిమ్మట అవి తెఱచుకొనవు.

ఆఱవది, ఇవేవియు లేనపుడు నమ్మకమైన పనివానిచేత లోపలి డిస్కును బయటికి తీయించి, వేఱొక కంప్యూటరునకు తగిలించి, ముందుగా కాగితములకు నకలు తీయింపవలెను. డిస్కు రహస్యలిపిలో లేకున్న ఇది సాధ్యమగును. బిట్‌లాకరు అను పద్ధతిచే మూయబడియున్నచో, 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య లేనిదే ఏ పనివాడును చదువజాలడు. ఆ సంఖ్య మైక్రోసాఫ్టు ఖాతాలో గాని, అచ్చు తీసిన కాగితముపై గాని, పెన్‌డ్రైవులో గాని యుండవచ్చును, వెదకవలెను.

ఇక చిట్టచివరిది యంత్రమును తుడిచి క్రొత్తదిగా చేయుట. స్థానిక ఖాతాకు పై యుపాయము లేవియు లేనపుడు మైక్రోసాఫ్టు వారు చెప్పు కడపటి మార్గమును ఇదియే. అందువలన లోపలి కాగితములు, ప్రోగ్రాములు అన్నియు పోవునని వారే హెచ్చరించుచున్నారు. అందుచే ఎవరైన "తెఱచెద" ననినపుడు మీ రడుగవలసిన మొదటి ప్రశ్న: "తెఱచెదవా, తుడిచెదవా?" మేమానాడు ఈ ప్రశ్న వేయలేదు.

చేయరానివి

ఫోనులో పరిచయము లేనివాడు తాను కంపెనీవాడనని చెప్పి సంకేతము నడిగినచో ఎన్నటికిని చెప్పరాదు. తాళము తీయు ప్రోగ్రాము ఉచితమని కనబడిన ప్రతిదానిని యంత్రమున ఎక్కింపరాదు; తాళము తీయువాని వేషమున దొంగయే రావచ్చును. మోసము జరిగి సొమ్ము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఒకరి పాస్‌వర్డును మోసబుద్ధితో వాడుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66-సి విభాగము క్రింద నేరము. మూడేండ్లవఱకు ఖైదు, లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. కావున సంఘపు యంత్రమును తెఱపించు పనిని అధ్యక్షుని వ్రాతపూర్వకమైన అనుమతితో, ఇరువురు సభ్యుల యెదుట చేయించుట మంచిది.

రాబోవు సభలో చేయదగిన తీర్మానము

మఱపు మానవసహజము. గుమాస్తాపై నింద మోపి ప్రయోజనము లేదు. రెండవ త్రోవ పెట్టకుండుట మాత్రము సంఘముదే తప్పు. ఈ క్రింది అంశములను ఒక తీర్మానముగా వ్రాసికొనుడని మా మనవి.

1. ప్రతి కంప్యూటరునందును అడ్మినిస్ట్రేటరు ఖాతాలు రెండుండవలెను. ఒకటి గుమాస్తాది, రెండవది కార్యదర్శిది.

2. రెండవ ఖాతా పాస్‌వర్డును, బిట్‌లాకరు 48 అంకెలను కాగితముపై వ్రాసి, కవరులో నుంచి, లక్కముద్ర వేసి, ఇరువురు చేవ్రాళ్లు పెట్టి ఇనుప పెట్టెలో ఉంచవలెను. కవరు తెఱచినపుడు తేదీయు, కారణమును పుస్తకమున వ్రాసి, మాట మార్చి క్రొత్త కవరు పెట్టవలెను.

3. ఖాతాలకు నమోదు చేయు ఫోను సంఖ్యయు, ఈమెయిలును సంఘమువిగా నుండవలెను. గుమాస్తా సొంతవి కారాదు. ఆయన బదిలీతో సంఘపు తాళము కూడ బదిలీ కారాదు.

4. వారమున కొకసారి ముఖ్యమైన కాగితములకు వేఱు డిస్కులో నకలు తీసి ఇనుప పెట్టెలో ఉంచవలెను.

5. ఉద్యోగి మాఱునపుడు చిట్టాలు, నగదుతో పాటు పాస్‌వర్డులను గూడ ఒప్పగించి, క్రొత్తవాడు వెంటనే మార్చుకొనవలెను.

పాస్‌వర్డునకు సంఘము పేరు, పుట్టిన సంవత్సరము పనికిరావు. వానిని ఎవరైనను ఊహింతురు. ఒకదానితో ఒకటికి సంబంధము లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కలిపి వ్రాసిన, జ్ఞాపకముండును, పరులకు దొరకదు. నాగలి, పున్నమి, గోనె, మఱ్ఱి అనునట్లు. కాని ఈ నాలిగింటిని ఇప్పుడు మీరందఱును చదివితిరి గనుక, మీవి మీరు వేఱుగా కల్పించుకొనుడు.

మీ యింట పిల్లలు చదువుకొను కంప్యూటరునకును ఈ మాటలే వర్తించును. విత్తనమును వానలు రాకముందే సిద్ధపఱచుకొందుము గాని, దుక్కి తడిసిన పిమ్మట వెదకబోము గదా. రెండవ తాళపుచెవిని గూడ నేడే చేసికొనుడు. ఎవరేమి చెప్పినను, సంఘమిచ్చిన రసీదును మాత్రము ఆ వృద్ధురాలి వలె మీ పెట్టెలో భద్రముగా దాచుకొనుడు.