బండి సరే, మజిలీ ఏది?

కార్తీకంలో విజయవాడ నుంచి కృష్ణ ఎడమ కరకట్ట పట్టుకుని కిందికి వెళ్లి చూడండి. యనమలకుదురు దాటి తోట్లవల్లూరు వైపు సాగితే కుడిచేతి పక్క లంక పొలాల్లో పసుపు, కంద, అరటి. ఎడమచేతి పక్క గింజ పాలు పోసుకుంటున్న వరి. ఎండ మెత్తబడే ఈ రోజుల్లో డెల్టాను తీరిగ్గా చూడాలంటే చీకటి పడేలోపు బెజవాడ హోటల్ గదికి పరుగెత్తుకు రాకూడదు. కట్ట పక్కన ఏదో ఊళ్లో ఆగిపోవాలి. పడక, పొయ్యి, నీళ్లు మనతోనే ఉండాలి.

అలాంటి బండ్లు ఇప్పుడు మన దగ్గరికీ వస్తున్నాయి. 2021లో కేరళ క్యారవాన్ విధానం ప్రకటించి, మరుసటి ఏడాదే వాగమన్‌లో క్యారవాన్ పార్కు తెరిచింది. 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా తన విధానం తెచ్చింది. అయితే క్యారవాన్ మాట ఎత్తితే చాలు, ముచ్చటంతా బండి లోపలే తిరుగుతోంది: ఏసీ, సోఫా, టీవీ, బాత్రూం. రాత్రికి దాన్ని ఎక్కడ ఆపాలి, వాడిన నీళ్లు ఎక్కడ వదలాలి అన్నది అడిగేవాళ్లు తక్కువ.

ఫ్రాన్స్‌లో ముందు తేల్చుకున్నది ఆ సంగతే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి పల్లెలు కోతల మీద ఉంటాయి. బర్గండీలో, అల్సాస్‌లో ద్రాక్ష తెంపుతుంటారు. ఆగస్టు సెలవుల రద్దీ పోయి రోడ్లు ఖాళీ అవుతాయి. అప్పుడు మోటర్‌హోంలనే ఇంటి బండ్లు నింపాదిగా ఊరూరా తిరుగుతాయి. చాలా ఊళ్లలో స్థానిక పాలకవర్గం వాటికోసమే కాస్త స్థలం కేటాయించి ఉంటుంది. మంచినీళ్ల కుళాయి, వాడిన నీళ్లు పోయే తూము, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే గుంట. అంతే, ఇంకే హంగూ ఉండదు. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొద్ది యూరోలు.

అంతకన్నా ముచ్చటైన ఏర్పాటు రైతులది. 1993లో మొదలైన ‘ఫ్రాన్స్ పాసియోన్’ అనే పథకంలో చేరిన ద్రాక్ష రైతులు, జున్ను చేసేవాళ్లు తమ కళ్లం పక్కనే మోటర్‌హోంను 24 గంటలు ఊరికే ఆగనిస్తారు. బండిలో సొంత టాయిలెట్ ఉండాలి. ఏదైనా కొనాలన్న షరతు లేదు. కానీ రాత్రంతా ఒకరి వాకిట్లో పడుకుని, పొద్దున్నే జున్ను ముక్కైనా కొనకుండా కదలాలంటే ఎవరికైనా మొహమాటమే కదా. రైతుకు పెద్ద ఖర్చు లేదు, గిరాకీ గుమ్మంలోకే వస్తుంది.

ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం మనకు తెలియనిదేమీ కాదు. గూడుబండిలో వంటసామాను, చాపలు వేసుకుని, చెరువుగట్టున ఎద్దులు విప్పి, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకు తిని తీర్థాలకు వెళ్లిన సంగతులు మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పినవే. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి, డేరాలు, బోయీలు, వందమంది దాకా పరివారంతో కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేయండి. మజిలీ మజిలీకీ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి వసతి ఉందా అని రాసుకుంటూ పోతాడు. క్యారవాన్ విధానం రాసే అధికారుల బల్ల మీద ఆ పుస్తకం ఒకటి ఉంటే బాగుండును.

కాలువల విషయంలోనూ ఫ్రాన్స్‌ను చూసి కాస్త అసూయపడక తప్పదు. దక్షిణ ఫ్రాన్స్‌లో పియేర్ పాల్ రికే తవ్వించిన కెనాల్ దు మిదీ అనే కాలువ 1681లో రాకపోకలకు తెరుచుకుంది. పొడవు 240 కిలోమీటర్లు. సరుకు పడవలు పోయాక నీళ్ల మీదికి అద్దె పడవలు, గట్ల మీదికి సైకిళ్లు వచ్చాయి. 1996లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మనకు బెజవాడ దగ్గర కృష్ణ మీద కెప్టెన్ ఓర్ కట్టించిన ఆనకట్ట 1855కి పూర్తయింది. అది 1952లో తెగితే, 1957కి ప్రకాశం బ్యారేజీ లేచింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ బెజవాడ నడిబొడ్డునే పారతాయి. వాటి మీదా ఒకప్పుడు పడవలు నడిచాయి, లాకులు అందుకే కట్టారు. ఇప్పుడు నగరం దాటేదాకా చెత్త, మురుగు. అద్దె పడవల మాట తర్వాత, ముందు ముక్కు మూసుకోకుండా గట్టున నిలబడగలిగితే చాలు.

సరే, దారిలోకి వద్దాం. కరకట్ట మీదుగా కృష్ణా జిల్లాలోని శ్రీకాకుళం చేరితే ఆంధ్ర మహావిష్ణువు ఆలయం. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద తలపు కలిగింది ఇక్కడేనని ప్రతీతి. దగ్గర్లోనే ఘంటసాల బౌద్ధ స్తూపం. లోపలికి తిరిగితే పదకర్త క్షేత్రయ్య ఊరు మొవ్వ, పక్కనే కూచిపూడి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ని చూసుకుని, పులిగడ్డ దగ్గర నది పాయ మీదుగా దివిసీమకు కాలువ నీళ్లు మోసే అక్విడెక్ట్‌ను ఆగి చూడాలి. అవనిగడ్డ దాటాక నాగాయలంక ఘాట్‌లో కృష్ణ వెడల్పుగా, తొందర లేకుండా ఉంటుంది. ఇంకా కిందికి హంసలదీవి, సాగరసంగమం, మడ అడవులు. చేపలు పట్టి తినే నీటిపిల్లి తిరిగే అడవులివి. ఇవన్నీ ఒక్కరోజులో చుట్టేయొచ్చు. చాలామంది చేసేది అదే, అందుకే ఏదీ చూసినట్టు ఉండదు.

తిరుగు దారిలో పెడన కలంకారీ, బందరు తొక్కుడు లడ్డు ఎలాగూ ఉన్నాయి. బందరులో ఫరాసుపేట కూడా చూడండి. ఫ్రెంచివాళ్లు 1669లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. బందరులో వాళ్లకు మిగిలిన కాస్త జాగా 1947 అక్టోబరులోగానీ భారత్ చేతికి రాలేదు.

ఇక ఇబ్బందులు. మన శరదృతువు ఫ్రాన్స్ శరత్తంత సాధువు కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు బెజవాడను ముంచినప్పుడు, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద పారింది. వాతావరణ శాఖ బులెటిన్ చూడకుండా సముద్రం వైపు బండి తిప్పకూడదు. కార్తీకం చివర బయల్దేరి సంక్రాంతి లోపు ముగించడం మేలు. అప్పటికి కోతలు మొదలై తారు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. కోత మిషన్ ఎదురైతే పెద్ద బండి వెనక్కి నడపాల్సిందే. చీకటి పడ్డాక కరకట్ట మీద నడపొద్దు.

ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో బండి అద్దెకు తీసుకున్నవాళ్లే నడుపుకుంటారు. మన దగ్గర ఎక్కువగా క్యారవాన్‌తో పాటు డ్రైవరు వస్తాడు. కుటుంబం లోపల ఏసీలో పడుకుంటే అతను ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ స్నానం చేయాలి? ప్రకటనల్లో అతని పడక కనబడదు.

అసలు ఫ్రాన్సే చూసి వస్తామనేవారికి రెండు మాటలు. 3.5 టన్నులు మించని బండే తీసుకోండి, మామూలు కారు లైసెన్సు అక్కడివరకే పనికొస్తుంది. ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే చేయించుకోండి. అక్కడ డ్రైవింగ్ రోడ్డుకు కుడివైపున. అక్టోబరు నుంచి చాలా క్యాంపింగ్ స్థలాలు మూసేస్తారు. నవంబరు 1కి ముందు ఊరూరా చామంతి కుండీలు అమ్ముతుంటే ముచ్చటపడి ఎవరింటికైనా పట్టుకెళ్లేరు. అవి సమాధుల మీద పెట్టే పూలు.

డెల్టాలో మొదటి మజిలీకి నా ఓటు చల్లపల్లికి. స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు 2014 నుంచి తెల్లవారకముందే లేచి వీధులు ఊడుస్తూ, రోడ్ల పక్కన మొక్కలు పెంచుతున్నారు. టాయిలెట్ డబ్బాను కాలువలో గుమ్మరించనివ్వని ఊరే క్యారవాన్లకు కావాలి. అక్కడ ఒక కుళాయి, ఒక తూము, సెప్టిక్ ట్యాంకు, డ్రైవరుకు ఒక గది కట్టండి. పర్యాటక శాఖకు ఇది బండి కొన్నంత ఖర్చు కూడా కాదు. వచ్చే కార్తీకానికి అది సిద్ధం చేసి, ఆ తర్వాతే కొత్త బండికి జెండా ఊపండి.