సముద్రము దాటి వచ్చు దానము



మన హుస్నాబాద్ ప్రాంతము నుండి బ్రతుకుదెరువుకై గల్ఫ్ దేశములకు వెళ్ళినవారున్నారు; చదువులకై అమెరికా వెళ్ళి అక్కడనే స్థిరపడినవారున్నారు. వారు పుట్టిన గడ్డను మరువక, తోటివారి వద్ద విరాళములు ప్రోగుచేసి, సెలవులకు వచ్చునప్పుడు ఇక్కడి అనాథాశ్రమములకు తెచ్చి ఇచ్చుచున్నారు. ఇది ఉత్తమ సంకల్పము. అయితే ఆ పుణ్యము ఎవరికి చెందును, ఎట్లు ఇచ్చిన అది సార్థకమగును అని భక్తులు మమ్ము అడుగుచుందురు. ఈ విషయమును ధర్మదృష్టితోను, నేటి చట్టముల దృష్టితోను విచారింతము.

పుణ్యము సొమ్మిచ్చిన దాతలది. ప్రోగుచేసి తెచ్చువాడు ఆ ధనమునకు యజమాని కాడు, కాపరి మాత్రమే. మనుధర్మశాస్త్రము చెప్పిన 18 వ్యవహారపదములలో రెండవది నిక్షేపము, అనగా నమ్మి ఒకరి చేతిలో ఉంచిన సొమ్ము. పదిమంది ఇచ్చిన విరాళము అట్టి నిక్షేపమే. దానిని చెప్పిన చోటికి చేర్చి, లెక్క అప్పగించినప్పుడే కాపరికి ఋణవిముక్తి. అతని శ్రమకు తగిన సేవాఫలము అతనికి వేరుగా ఉండనే ఉన్నది.

ఇక ఏమి ఇవ్వవలెను? కఠోపనిషత్తు ఆరంభమును స్మరింపుడు. వాజశ్రవసుడు యాగము చేసి, ముసలివై వట్టిపోయిన గోవులను దానమిచ్చుచుండగా, ఆ లోపమును కనిపెట్టినది ఋత్విక్కులు కారు, ఆయన కుమారుడైన నచికేతుడు. పిల్లల కన్ను అట్టిది. మనము విడిచిన మాసిన బట్టలను, విరిగిన ఆటబొమ్మలను పెట్టెలకెత్తి తెచ్చినచో, ఆశ్రమ నిర్వాహకులు మొగమాటమున ఏమియు అనకపోవచ్చును. బాలుడు మాత్రము గ్రహించును. తన విలువ ఇంతేనని ఆ పసి మనస్సు తలచినచో, ఆ గాయమును ఏ దానము మాన్పగలదు? కనుక ముందుగా ఆశ్రమమునకు ఉత్తరమో ఫోనో చేసి, వారికి కావలసినదేమో అడిగి తెలిసికొనవలెను.

ఎవరికి ఇవ్వవలెను? గీత 17వ అధ్యాయమున భగవానుడు సాత్త్విక దానమునకు దేశము, కాలము, పాత్రత చూడవలెనని ఉపదేశించినాడు. నేడు పాత్రతకు మొదటి గుర్తు రిజిస్ట్రేషను. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము అనాథ బాలలను ఉంచుకొను ప్రతి సంస్థయు ప్రభుత్వము వద్ద నమోదు కావలెను. ఆ పత్రమును చూపుమని అడుగుట అనుమానము కాదు, దాత ధర్మము.

ధనము తెచ్చు మార్గమును కూడ తెలిసికొనవలెను. 2010 నాటి విదేశీ విరాళముల చట్టము ఈ విషయమున కఠినమైనది. భారత పౌరసత్వము ఉంచుకొన్నవాడు, గల్ఫ్‌లో ఉన్నను సరే, తన సొంత కష్టార్జితమును బ్యాంకు ద్వారా పంపినచో అది విదేశీ విరాళము కాదు. అన్యదేశ పౌరసత్వము స్వీకరించినవాడు ఇచ్చినదియు, విదేశమున నమోదైన సంఘము ఇచ్చినదియు విదేశీ విరాళమే. అట్టివారి వద్ద ప్రోగైన సొమ్ము భారతీయుని చేతిమీదుగా వచ్చినంత మాత్రమున స్వదేశీ ధనము కాజాలదు. దానిని పుచ్చుకొనుటకు ఆశ్రమమునకు కేంద్రప్రభుత్వ అనుమతి ఉండవలెను. 2020 సవరణ తరువాత ఆ ధనము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే జమ కావలెను. ఒక సంస్థ పొందిన దానిని మరియొక సంస్థకు మార్చి ఇచ్చుటయు కూడదు. సదుద్దేశముతో చేతికిచ్చిన నగదుమూట ఆశ్రమమునే చిక్కులలో పడవేయును; అప్పుడు నష్టపోవువారు ఆ పిల్లలే గదా!

చివరిది ఛాయాచిత్రముల మాట. పిల్లలను వరుసగా నిలబెట్టి, చేతిలో పలక పెట్టి, ప్రక్కన దాత నిలిచి ఫోటో తీయించుకొనుట పరిపాటియైనది. అట్టి బాలల గుర్తింపును వెల్లడించునట్లు ఫోటోలు ప్రచురించుట 2015 చట్టములోని 74వ విభాగము ప్రకారము నేరము. పేరుప్రతిష్ఠలకై చేయు దానము రాజసమని పెద్దలు ఎన్నడో చెప్పిరి. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుడు శిష్యునకు దానవిధి చెప్పుచు శ్రద్ధతోపాటు సిగ్గును కూడ చేర్చినాడు. ఇచ్చువాడు తలవంచి ఇవ్వవలెను. పుచ్చుకొను బాలుడు తల ఎత్తుకొని ఉండవలెను. దాతలకు నమ్మకము కలిగించుటకు పిల్లల మొగము అక్కరలేదు. ఆశ్రమమిచ్చిన రసీదు, ఖర్చుల లెక్క చాలును.

ఒకప్పటి మాట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో, నవానగర్ సంస్థానాధీశుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్ సింహ్‌జీ, దిక్కులేని పోలండ్ దేశపు బాలలకు జామ్‌నగర్ సమీపమున బాలాచడిలో ఆశ్రయమిచ్చెను. వారి భాషను, మతమును వారికే ఉంచి, కన్నబిడ్డల వలె ఆదరించెను. ఆనాడు పరదేశము నుండి బిడ్డలే వచ్చిరి. నేడు మన బిడ్డలకు సముద్రము దాటి సాయము వచ్చుచున్నది. ఇచ్చువారు ఎవరైనను, పుచ్చుకొనువారు ఎవరైనను ధర్మము ఒక్కటే.

కావున విదేశములందున్న మీ బిడ్డలకు ఈ మాటలు తెలియజేయుడు. అడిగి తెండు, సక్రమ మార్గమున ఇండు, లెక్క చెప్పుడు. తెచ్చిన మరునాడు మరచిపోక, మరల వచ్చినప్పుడు ఆ పిల్లల చదువు ఎంతవరకు వచ్చినదో విచారింపుడు.

స్వస్తి.